ఐదు కనిపించకపోతే వెనక్కి తిరగండి

చిన్న కథ. మీ చేతిలో టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆమధ్య నేను చెప్పిన ఒక్క మాటకి ఒక కారు పొద్దున్నించి ఒంగోలు దగ్గర ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది. అంతే కథ.

కానీ దానికన్నా ముందు మా మరదలు ఎలీశమ్మ రొయ్యల వేపుడు గురించి చెప్పాలి. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు రోజే రొయ్యలు ఒలుస్తూ కూర్చుంటుంది. వాళ్ళు రాకపోతే ఏడుస్తుంది, వస్తే కూర చాల్లేదని ఏడుస్తుంది. మా తమ్ముడు కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు గానీ మాట్లాడడు. మాట్లాడాల్సిందంతా పెళ్ళయిన మొదటి ఏడాదిలోనే మాట్లాడేశాడని మా ఊళ్ళో చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

మా ఊరు మైపాడు పక్కన. ఎవరింట్లో ఏం జరిగినా నాకు తెలుస్తుంది. ఎందుకంటే నేను అడుగుతాను. కొందరు దీన్ని చాడీలంటారు, నేను పరామర్శ అంటాను. ఈ పరామర్శలోంచే నాలుగు పెళ్ళి సంబంధాలు కూడా కుదిర్చాను. అందులో ఒక జంట నాతో ఇప్పటికీ మాట్లాడుతోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నన్ను తెలివితక్కువదాన్ననుకుంటారు. నేను బస్సెక్కితే కిటికీలోంచి బయటికి చూడను. లోపల ఇంతమంది మనుషులుండగా బయట బోర్డులు చూడ్డం ఎందుకు? నెల్లూరు నుంచి మద్రాసుకి, ఒంగోలుకి, బెజవాడకి ఎన్నిసార్లు పోయొచ్చానో లెక్కలేదు. పక్క సీట్లో వాళ్ళ ఆడబిడ్డల పేర్లు చెప్పమంటే చెప్తాను గానీ, రోడ్డు పక్కన ఏం రాసుందో నాకేం తెలుసు? అది నేషనల్ హైవే, దాని నంబరు ఐదు. మా నాయన అట్టానే అన్నాడు, లారీల వాళ్ళు అట్టానే అన్నారు, మేమూ అట్టానే అన్నాం. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎవరైనా మారుస్తారా?

ఇప్పుడు అసలు విషయం. ఎలీశమ్మ కూతురు రూతు నెల్లూరు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ముప్ఫై దగ్గర పడుతోంది. వచ్చిన సంబంధాలన్నీ వద్దంది. ఒకడు కూర్చోగానే జీతమెంత అన్నాడు. ఇంకొకడి తరఫున అన్నీ వాళ్ళ నాన్నే మాట్లాడాడు. “ఆయన్ని చేసుకోవాలా, కొడుకునా?” అని వాళ్ళ ముందే అడిగింది. ఆ సంబంధం కూడా నేను తెచ్చిందే.

ఈసారి బాపట్ల సంబంధం. అబ్బాయి పేరు ప్రదీపు. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపుంది. తండ్రి లేడు. తల్లి సరోజినమ్మ గారు, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఫొటో చూపిస్తే రూతు చాలాసేపు చూసి ఏమీ అనలేదు. వద్దనలేదంటే మా ఇంట్లో అది పండగ. ఎలీశమ్మ అప్పుడే ఒకసారి ఏడ్చింది.

“శనివారం రమ్మను అత్తా,” అంది రూతు. “నాకు మధ్యాహ్నం డ్యూటీ, లీవు దొరకలా. డ్యూటీకి పొయ్యేలోపు వస్తే చూస్తా. రాకపోతే ఇంక నా ముందు పెళ్ళి ఊసెత్తొద్దు. అందరికీ చెప్తున్నా. నీకు రెండుసార్లు చెప్తున్నా.”

రెండోసారి చెప్పింది కూడా.

శుక్రవారం సాయంత్రం నేనే అబ్బాయికి ఫోన్ చేసి దారి చెప్పాను. ఇంట్లో అందరూ వింటున్నారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్పాను.

“బాబూ, ఫోన్లో మ్యాపు మాత్రం పెట్టుకోవద్దు. మా పక్క దార్లు దానికి తెలీవు. పోయిన క్రిస్మస్‌కి నెల్లూరు ఫొటోగ్రాఫరు మ్యాపు చెప్పినట్టే తిప్పి, నేరుగా రొయ్యల గుంట గట్టు మీదికి పోయినాడు. ముందుకి పోలేడు, వెనక్కి రాలేడు. మాకు కేకు కోసిన ఫొటో ఒక్కటి లేదు. గుంట ఫొటోలు మాత్రం బెమ్మాండంగా వచ్చినాయి.”

“అయ్యో. సరేనండీ, పెట్టను.”

“ఒంగోలు దగ్గర ఐదో నంబరు నేషనల్ హైవే ఎక్కు. ఎక్కినాక వదలమాక. కావలి, బిట్రగుంట అడ్డరోడ్డు, కోవూరు, పెన్నా దాటితే నెల్లూరు. అక్కడికొచ్చి ఫోన్ చెయ్యి.”

ఇక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కానీ మా తమ్ముడు కూడా తలెత్తి చూశాడు. మా తమ్ముడు తలెత్తడం అరుదు. ఆ ఊపులో ఇంకో మాట అన్నాను.

“దార్లో యాడన్నా ఐదు కాకుండా వేరే నంబరు కనపడిందనుకో, తప్పినట్టే లెక్క. ఇంక ఆలోచించొద్దు. వెంటనే వెనక్కి తిరుగు!”

“అలాగేనండీ,” అన్నాడు ప్రదీపు. అంత మర్యాదగా నా మాట విన్నవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు.

శనివారం పొద్దున్నే ఇల్లంతా రొయ్యల వాసన. పాస్టరయ్యగారు అందరికన్నా ముందే వచ్చారు. మా ఎలీశమ్మ ఇంట్లో భోజనమంటే ఆయన పొద్దున టిఫిను మానేస్తారు. దాన్ని ఉపవాసం అంటారు. రూతు పెరట్లో తలస్నానం చేస్తోంది. ఫోన్ నా దగ్గరే పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. మోగింది.

“మార్తమ్మ గారూ, బయల్దేరగానే 216 అని బోర్డు కనిపించిందండీ. మీరు చెప్పినట్టే వెనక్కి తిరిగాను.”

“మంచి పని చేసినావు. ఇప్పుడు యాడున్నావు?”

“మా ఇంటి ముందరండీ.”

నాకు కొంచెం అనుమానం వచ్చింది. “ఒంగోలు దాకా ఏ నంబరైనా పర్లేదు. నేను చెప్పింది ఒంగోలు తర్వాత సంగతి,” అన్నాను. రెండోసారి బయల్దేరాడు. ఒంగోలు దాటాక మళ్ళీ ఫోను.

“ఇక్కడ ఐదు లేదండీ. పదహారు ఉంది. బోర్డు మీద నెల్లూరు అని కూడా రాసుంది మరి.”

“నెల్లూరికి సవాలక్ష దార్లుంటాయి బాబూ. పదహారుతో మనకేం పని? తిరుగు వెనక్కి!”

తిరిగాడు. మధ్యలో డివైడర్ ఉంటుంది కదా, గ్యాప్ దొరికేదాకా పోయి తిరగాలి. తిరిగి ఒంగోల్లోకొచ్చి, ఇంకో పక్క నుంచి ఎక్కి చూశాడు. పదహారే. మళ్ళీ తిరిగాడు. టోల్ గేటులో వాళ్ళు ఆ కారుని గుర్తుపట్టి నమస్కారం పెట్టడం మొదలుపెట్టారట. ఇది తర్వాత తెలిసింది.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు అబ్బాయి గొంతులో నీరసం వినిపించింది. వెనకాల టీకొట్టు గోల.

“ఇక్కడ అడిగానండీ. పెద్దాయనేమో ఇదే ఐదో నంబరు అంటున్నాడు. ఆయన కొడుకేమో కాదు పదహారు అంటున్నాడు. ఇద్దరూ కొట్టుకునేలా ఉన్నారు. ఇంక లాభం లేదని, తప్పో ఒప్పో, ఫోన్లో ఐదో నంబరు హైవే అని కొట్టానండీ.”

“ఏం చెప్పింది?”

“సిమ్లా చూపిస్తోందండీ.”

“ఏంది?”

“సిమ్లా. పంజాబు నుంచి పోతుందట. కొండలు, మంచు. మార్తమ్మ గారూ, తప్పుగా అనుకోకండి. మీది మైపాడు పక్కనేనా?”

“బాబూ, మా దగ్గర మంచు ఐస్ ఫ్యాక్టరీలో తప్ప పడదు,” అని ఫోన్ పెట్టేశాను. అరుగు మీద నాకు చెమటలు.

లోపల ఎలీశమ్మకి సంగతి సగం చెప్పాను. దారిలో కొంచెం ఇబ్బంది పడుతున్నారని. మిగతా సగం చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఆమె కొంగు కళ్ళకి పెట్టుకుంది. అయ్యగారు “ప్రార్థన చేద్దాం” అని లేచారు. మేమంతా తలలు వంచాం.

“ప్రభువా, ఐదో నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణము చేయుచున్న నీ బిడ్డలను...”

“అయ్యగారూ!” పెరటి గుమ్మంలోంచి రూతు గొంతు. తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది. “ఆ రోడ్డు ఐదు కాదు, పదహారు.”

అయ్యగారు ఒక్క కన్ను తెరిచి, “దేవునికి పాత నంబరూ తెలుసమ్మా, కొత్త నంబరూ తెలుసు. ఆమెన్,” అన్నారు.

“దేవుడికి తెలుసు. వచ్చేవాళ్ళకి తెలుసా?” అంది రూతు. ఆ తర్వాత మెల్లిగా నా వైపు తిరిగింది. “అత్తా, వాళ్ళకి దారి ఎవరు చెప్పినారు?”

ఊళ్ళో అందరి గుట్టూ బయటపెట్టేదాన్ని నేను. నా గుట్టు బయటపడ్డానికి ఎవరూ కష్టపడాల్సిన పని లేకపోయింది. అందరూ ఒకేసారి నన్నే చూశారు. మా తమ్ముడు కూడా.

రూతు గవర్నమెంటు ఉద్యోగం పరీక్షకి చదువుతోంది కాబట్టి అన్నీ తెలుసు. అక్కడే నిలబడి పాఠం చెప్పింది. పాత రోజుల్లో రోడ్డు ఎప్పుడు చేరితే అప్పుడు ఏదో ఒక నంబరు ఇచ్చుకుంటూ పోయారట. అదంతా కలగాపులగం అయిపోయిందని, చాలా ఏళ్ళ కిందటే దేశమంతా కొత్త నంబర్లు వేశారట. పైనుంచి కిందికి, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే రోడ్లకి సరి సంఖ్యలు. తూర్పు నుంచి మొదలుపెట్టి పడమరకి పోయేకొద్దీ పెరుగుతాయి. మన సముద్రం పక్క రోడ్డు పదహారు, దేశం నడిమధ్య రోడ్డు నలభై నాలుగు, అవతలి సముద్రం పక్కది అరవై ఆరు. అడ్డంగా పోయే రోడ్లకి బేసి సంఖ్యలు. అవి పైనుంచి కిందికి పెరుగుతాయి. అందుకే వాటిలో చిన్న నంబర్లన్నీ కాశ్మీరు, సిమ్లా పక్క ఉంటాయి. మన నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పోయేది అరవై ఏడు.

“మరి ఆ 216?” అన్నాను. బాపట్ల ముచ్చట ఒకటి మిగిలిపోయింది కదా.

“చివర పదహారుంది కదా అత్తా. పదహారు నుంచి చీలిన కొమ్మ. మూడంకెలుంటే కొమ్మ రోడ్డని అర్థం.”

“ఎవురినడిగి మార్చినార్మే ఇదంతా?” అంది ఎలీశమ్మ. నాకు తోడుగా ఒక మనిషి మాట్లాడినందుకు ఆ క్షణంలో ఆమె మీద ఎంతో ప్రేమ కలిగింది.

రూతు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, స్పీకర్ పెట్టి అబ్బాయికి చేసింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి. నేను అనుకున్న మొదటి మాటలు ఇవి కావు.

“నేను రూతుని. పదహారే కరెక్టు. అది పట్టుకుని నేరుగా నెల్లూరు వచ్చెయ్యండి.”

“మార్తమ్మ గారు ఒప్పుకున్నారాండీ?”

రూతు ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. అయ్యగారు, ఎలీశమ్మ, మా తమ్ముడు, గోడ మీదుగా తొంగిచూస్తున్న పక్కింటి వాళ్ళు. వీళ్ళందరి కథలూ వేరే వాళ్ళకి చెప్పినదాన్ని నేను.

“పదహారే బాబూ,” అన్నాను.

అప్పటికే పొద్దెక్కింది. వాళ్ళు మా ఊరిదాకా వచ్చేలోపు రూతు డ్యూటీలో ఉండాలి. ఎలీశమ్మ రొయ్యల బాండీ ముందు కూలబడి, “అయిపోయింది, ఇదీ అయిపోయింది” అని మొదలుపెట్టింది. రూతు యూనిఫాం వేసుకుని స్కూటర్ తాళాలు తీసుకుంది.

“వాళ్ళెట్టాగూ నెల్లూరు దాకా వస్తారు. నేనూ నెల్లూరే పోవాల. బైపాసు మీద చూసి, అట్నించి అటే డ్యూటీకి పోతా. అత్తా, ఎక్కు. నువ్వే గదా పిలిచింది, నువ్వే క్షమాపణ చెప్పు.”

ఎలీశమ్మ వేపుడంతా నా స్టీలు క్యారియర్‌లో సర్ది ఇచ్చింది. మేం బయల్దేరుతుంటే అయ్యగారు ఆ క్యారియర్‌ని చూసిన చూపు నేను మర్చిపోలేను.

బైపాసు మీద ఆత్మకూరు రోడ్డు కలిసేచోట, పచ్చ బోర్డు నీడలో నిలబడ్డాం. రూతు గడియారం చూసుకుంటోంది. నేను బోర్డు చూస్తున్నాను. పుట్టి ఇన్నేళ్ళకి మొదటిసారి చూశాను. ఎంత పెద్ద అక్షరాలో! ఫోన్ మోగింది.

“వచ్చేశామండీ. కానీ ఇక్కడ రెండు నంబర్లున్నాయి. పదహారు, అరవై ఏడు. వెనక్కి తిరగనా?”

“వద్దు!” అని ఇద్దరం ఒకేసారి అరిచాం. పక్కన బజ్జీల బండి అతను చేతిలో గరిటె కింద పడేశాడు.

తెల్లకారు వచ్చి ఆగింది. ముందు సరోజినమ్మ గారు దిగారు. ప్రయాణంలో చీర నలిగింది గానీ హెడ్‌మిస్ట్రెస్ చూపు నలగలేదు.

“మార్తమ్మ అంటే ఎవరు?”

నేను రూతు వైపు చూశాను. లాభం లేకపోయింది. నా చేతిలో క్యారియర్ మీద ‘బి. మార్తమ్మ’ అని చెక్కించి ఉంది.

“ఇదేం మర్యాదండీ? పిల్లని చూడ్డానికి రమ్మని పిలిచి రోడ్ల మీద తిప్పుతారా? పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఈ సంబంధం మాకొద్దు. ప్రదీపూ, కారు వెనక్కి తిప్పు.”

ప్రదీపు దిగాడు. ఫొటోలోకన్నా సన్నగా ఉన్నాడు, బహుశా పొద్దున్నుంచి చిక్కిపోయి ఉంటాడు. చొక్కా అంతా చెమట. రూతు యూనిఫాం వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు.

“తిప్పనమ్మా,” అన్నాడు. “పొద్దున్నుంచి ఎవరు చెప్తే వాళ్ళకి తిప్పాను. ఇంక తిప్పలేను.”

రూతు నవ్వింది. ఆ పిల్ల సంబంధాల ముందు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. వెంటనే గడియారం చూసుకుని స్కూటర్ స్టార్ట్ చేసింది.

“నాకు డ్యూటీ టైమైపోయింది. మాట్లాడాలనుకుంటే ఎక్కండి. ఆసుపత్రి దాకా మాట్లాడుకోవచ్చు.”

ప్రదీపు ఒక్క క్షణం ఆలోచించాడు. కారు తాళాలు వాళ్ళమ్మ చేతిలో పెట్టి, స్కూటర్ వెనక ఎక్కి కూర్చున్నాడు. ఇద్దరూ ఊళ్ళోకి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది నేనూ, సరోజినమ్మ గారూ, ఒక కారు. ఇద్దరికీ డ్రైవింగు రాదు.

ఎండ మండిపోతోంది. కార్లో కూర్చున్నాం. ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఆమె అద్దంలోంచి నన్ను చూస్తున్నారు. నేను క్యారియర్‌ని చూస్తున్నాను. నా జన్మలో అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నది చర్చిలో కూడా లేదు. చివరికి ఆమే మెల్లిగా, ఎవరూ వినకుండా చూసుకుని అడిగారు.

“అది ఐదే కదండీ?”

“ఐదేనండీ!” అన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. 

“నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఐదనే చెప్పాను. మావాడు పొద్దున మొదటిసారే అన్నాడు, అమ్మా, ఇదే రోడ్డులా ఉంది, పోదామా అని. పెద్దావిడ చెప్పింది వినరా అని నేనే గదమాయించి తిప్పించాను.”

“ఎన్నిసార్లు?”

“అన్నిసార్లూ.”

నేను ముందు సీట్లోకి మారాను. క్యారియర్ విప్పాం. బజ్జీల బండి అతను రెండు కాగితం ప్లేట్లిచ్చాడు. రొయ్యలు తింటూ బాపట్లలో వాళ్ళ వీధి మొత్తం తెలుసుకున్నాను. వాళ్ళ పక్కింటి కోడలి సంగతి మీరు వినాలి. అది ఇంకోసారి.

ప్రదీపు ఆటోలో తిరిగొచ్చేసరికి మేం వదినా వదినా అని పిలుచుకుంటున్నాం. క్యారియర్ ఖాళీ.

“ఏం మాట్లాడిందిరా?” అన్నారు సరోజినమ్మ గారు.

“రోడ్లకి నంబర్లు ఎలా వేస్తారో చెప్పిందమ్మా.”

“ఇంకా?”

“అంతే. చాలా బాగా చెప్పింది.”

ఇక ఈ సంబంధం పోయినట్టే అనుకున్నాం. వాళ్ళు బాపట్లకి తిరిగిపోయాక నేను ఇంటికెళ్ళి అదే చెప్పాను. ఎలీశమ్మ ఏడవడానికి సిద్ధమవుతుండగా డ్యూటీ మధ్యలో రూతు ఫోన్ చేసింది.

“అత్తా, నాకిష్టమే. వాళ్ళకి చెప్పు.”

“ఏం చూసి మే?”

“బైపాసు నుంచి ఆసుపత్రి దాకా నా వెనకాల కూర్చున్నాడు. హారన్ కొట్టు అనలా, బ్రేకు వెయ్యి అనలా, అటు కాదు ఇటు అనలా. ఒక్కసారి కూడా దారి చెప్పలా. అట్టాంటి మగాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు.”

పెళ్ళి కుదిరింది. కుదిర్చింది నేనే కాబట్టి పత్రికలో పెద్దల వరసలో నా పేరుంటుందని అనుకున్నాను. నిన్న పత్రికలు వచ్చాయి. నా పేరుంది, కింద రూటు మ్యాపు దగ్గర. ‘దారి తెలియనివారు మా ఊళ్ళో ఎవరికైనా ఫోన్ చేయవచ్చు, మార్తమ్మ గారికి తప్ప.’